పెట్టె మీది ఊరు

"ఎక్కడున్నారు?"

"చెరువు గట్టు మీదేనే. ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున్నే బయల్దేరి వచ్చేస్తాను."

"హైదరాబాదులో రొయ్యల చెరువులెప్పుడు తవ్వేరండీ? కషాయం ఆవిణ్ణే కాచిపెట్టమనండి. నా గుమ్మం తొక్కకండి."



"ఆయ్. అలాగేనండి."

ఫోన్లో మా ఆయనకూ నాకూ అవే ఆఖరి మాటలు. మా వైపు ఆయ్ అనేది పెద్దవాళ్ళ దగ్గర అనే మాట. పెళ్ళాంతో ఎవరూ అనరు. అది నా గొంతులో అడ్డం పడి ఏళ్ళయింది. చేపముల్లయితే అన్నం ముద్ద మింగితే దిగుతుంది. ఇది దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం రాదు. రాస్తున్నది మా ఆడపడుచు కూతురు, ఇద్దరు పిల్లల తల్లి.

ఆయన కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువుకి కాపలా ఉండేవారు. నేను సఖినేటిపల్లిలో. ఆయన ఫోన్లో ఫొటోలు పెట్టుకునే ఖాతా మా తమ్ముడే తెరిచి ఇచ్చాడు. వాడిది నెట్ సెంటరు. ఆ ఖాతాని ఏ ఊళ్ళో వాడుతున్నారో చూపించే చోటు ఒకటుందట. ఒకరోజు అది చూసి, "బావ హైదరాబాదులో ఉన్నట్టు చూపిస్తోందేంటక్కా" అని నవ్వాడు. మర్నాడు మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ హైదరాబాదే.

ఆవిడ ఎవరు? నేను పుట్టించిన మనిషి. ఊరు దొరికాక మనిషి దొరకడం ఎంతసేపు? నాలాంటి చదువురాని దానికి అచ్చులో ఉన్నదంటే భయమూ భక్తీ. ఆయన మాటకి అచ్చు లేదు.

ఆయన రాలేదు. జ్వరంతో గట్టు మీది పాకలోనే పడి ఉన్నారు. ఎవరో చూసి ఆసుపత్రికి చేర్చేసరికే పోయారు. అంత జ్వరంతో ఇంటికెందుకు రాలేదని నలుగురూ అడిగారు. నేనే రావద్దన్నానని చెప్పాలి. చెప్పలేదు. ఆయనకి హైదరాబాదులో ఇంకో ఇల్లుందన్నాను. శవం పక్కన కూర్చుని అన్నాను. ఆ రోజు నుంచి మా అత్తగారు కొడుకు పేరెత్తలేదు.

తర్వాత నేనూ మంచి ఫోను కొన్నాను. తమ్ముడు నాకూ ఖాతా తెరిచాడు. మా అరుగు మీద కూర్చున్న నన్ను ఆ ఫోను హైదరాబాదులో ఉన్నానంది. అది మనిషి జాడ కాదట. నెట్టుకి నంబర్లుంటాయట. ఫోను కంపెనీ వాటిని పెద్ద ఊళ్ళో ఆఫీసు పేరున రాయించుకుంటుందట. మా పల్లెలో వాడినా, వెతికితే ఆ పెద్ద ఊరే వస్తుందట. చెబుతూ చెబుతూ వాడు మధ్యలో ఆగిపోయాడు. నా మొహం చూడలేదు.

ఇది నాకు తెలియని సంగతా? నేను రొయ్యల షెడ్డులో పెట్టెలు సర్దినదాన్ని. మా చెరువుల రొయ్యే, పెట్టె మీద మాత్రం కంపెనీ ఉన్న ఊరి పేరు. ఆ కాగితాలు నా చేత్తో అతికించాను. అది చూసి రొయ్య ఆ ఊళ్ళో పెరిగిందనుకునే వెర్రిది ఎవరైనా ఉంటుందా? మొగుడి దగ్గరికొచ్చేసరికి నేనే ఆ వెర్రిదాన్నయ్యాను.

అంతకంటే పెద్ద పాపం ఇంకోటి. అది తెలిసేనాటికి అత్తగారు బతికే ఉన్నారు. ఒక్క మాట చెబితే ఆవిడ కొడుకు ఆవిడకి దక్కేవాడు. నేను నోరు విప్పలేదు. మోసపోయిన పెళ్ళామంటే ఊరికి జాలి. జ్వరంలో మొగుణ్ణి గుమ్మం తొక్కొద్దన్నదంటే ఎవరికి జాలి? ఆ జాలి తిని బతికాను. ఆవిడ కొడుకు పేరెత్తకుండానే పోయారు.

రాసే చెయ్యి ఆగిపోయింది. దీనికీ ఇప్పుడే తెలిసింది. మేనమామ అలాంటివాడనే నమ్మి పెరిగింది. నన్ను క్షమించమని దీన్నీ అడగను, మిమ్మల్నీ అడగను. చెప్పాను. అంతే.

రాయమ్మా, అదీ రాయి. రాసి, మొదటినుంచి చదివి వినిపించు. మీ మామయ్య ఆయ్ అన్నచోట గబగబా దాటెయ్యకు.