కుంటలో చేపలు: లేవు

చేపల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా వెలిగిన వాదిరాజగారు చేపను ఒక్కసారీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే మైల. అయినా చేపల గురించి ఆయనకు తెలియనిది లేదని కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ఒక నమ్మకం ఉండేది. దాన్ని కని, పెంచి పెద్దచేసింది ఆయనే. చేపపిల్లల కోసం రైతు పెట్టే దరఖాస్తులో 'కుంటలో ఇదివరకే ఉన్న చేపలు' అని ఒక గడి ఉంటుంది. అందులో 'లేవు' అని రాస్తే ఫైలు కదులుతుంది, మరేది రాసినా ఆగిపోతుంది. ఈ మహాసత్యాన్ని కొలువులో చేరిన వారానికే కనిపెట్టి, ఆపైన ఇంకే సత్యం జోలికీ పోకుండా రిటైరయ్యారు.

రిటైరైనా రైతులను ఉద్ధరించడం మానలేదు. కామసముద్రం దగ్గర మునిలక్ష్మమ్మకు వాననీళ్ళ కుంట ఉంది. వచ్చే ఉగాది మరునాటి హొసతొడకుకు, ఇంటింటా మాంసమో చేపలో ఉడికే ఆ రోజున, పన్నెండిళ్ళకు తన కుంట చేపలే ఇస్తానని ఆమె వీధిలో మాటిచ్చింది. అందుకని శ్రావణంలో వాదిరాజగారు ఆమె పేరున తానే దరఖాస్తు రాసి, ఆఫీసు నుంచి ఐదు వందల జెల్ల చేపపిల్లలను తెప్పించారు. ఒక్కోటి చిటికెనవేలంత.

"సామీ, కుంటలో కొర్రమీన్లు ఉండాయి. మా ఆయన పోయినేడు చెరువులోనుంచి తెచ్చి ఇడిసినాడు. వీట్ని మింగేస్తాయి. జానెడయ్యేదాకా వలకట్టి పెంచుదాం," అన్నది మునిలక్ష్మమ్మ.

వాదిరాజగారు దరఖాస్తు కాగితం విప్పారు. "లేవని రాసిండాది కదమ్మా."

"రాసింది మీరే కదప్పా!"

"ఎవురు రాస్తే ఏమి? సీలు పడిండాది."

"సీలు చూసి కొర్రమీను నోరు మూసుకుంటాదా?"

చదువురానివాళ్ళతో వాదించడం ఆయన నియమాలకు విరుద్ధం. డబ్బాలో పిల్లలు ఊపిరాడక తేలిపోతున్నాయి. ఇంక చేసేది లేక ఆమె కుంటలో వదిలింది. ఆయన ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, పది అడుగుల దూరం నుంచి "శుభం" అన్నారు.

హొసతొడకు పొద్దున వల లాగితే జెల్ల ఒక్కటీ రాలేదు. బాగా బలిసిన కొర్రమీన్లు నాలుగు వచ్చాయి. గట్టు మీద పన్నెండిళ్ళవాళ్ళు గిన్నెలతో నిలబడి ఉన్నారు. మునిలక్ష్మమ్మ స్పీకరు పెట్టి వాదిరాజగారికి ఫోను చేసింది.

"సామీ, వచ్చి మీరే చెప్పండి వీళ్ళకు."

"నేను మడిలో ఉండానమ్మా. అయినా జెల్లలు యాడికి పోతాయి? కొర్రమీన్ల లోపలే ఉండాయి. అవి పంచితే ఇవి పంచినట్టే."

ఆ మాట గట్టంతా వినిపించింది. ఆంజినప్ప గిన్నె బోర్లించి, "అక్కా, ఆ సామినే కోసి పంచు. ముల్లు కూడా ఉండదు," అని కోడి కోసం సంతకు నడిచాడు. అతని వెనకే మరో ఏడుగురు.

మిగిలిన నాలుగిళ్ళకు తలా ఒక చేప ఇచ్చి, మునిలక్ష్మమ్మ ఆ ఎనిమిది గడపలకూ వెళ్ళి చేతులు జోడించింది. ఏడిళ్ళ వాళ్ళు పోనీలే అన్నారు. ఆంజినప్ప భార్య తలుపు తీయలేదు.

వాదిరాజగారు అప్పటికి భోంచేసి, ఎడమవైపుకు తిరిగి పడుకున్నారు.