మబ్బేస్తే ఫోను కట్టెయ్యాలి

మా ఊరి సచివాలయం ముందు టెంటు వేసి, శ్రీకాకుళం నుంచి వచ్చిన అధికారి గంటసేపు మాట్లాడాడు. తుపాన్లకీ పిడుగులకీ ఇచ్చే హెచ్చరికల్లో పాత పద్ధతులు చాలడం లేదని కొత్త నిబంధనలు తెచ్చారట. ఇకమీదట దండోరా కోసం చూడక్కర్లేదు, సెల్‌ఫోనే కూత పెట్టి తెలుగులో చెబుతుంది. ఆ కాగితం చదివి వినిపించే పని నాకు అప్పగించారు. బడిపంతులికి మైకు దొరికితే వదులుతాడా! ఒక్కో నిబంధననీ రెండేసి సార్లు చదివాను.

ముందు వరసలో మా మేనత్త కూర్చుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. వరినాట్ల గుంపుకి పెద్ద. ఆవిడ మాటంటే గుంపులోని పన్నెండు మందికీ శాసనమే. అంతా విని, చివర్లో లేచింది.

"అంతా బాగున్నాది బాబూ. మబ్బేసినప్పుడు ఫోను కట్టీకపోతే పిడుగు దాని మీదకే వస్తాది కదేటి?"

అలాంటిదేమీ లేదమ్మా, స్విచాఫ్ చెయ్యక్కర్లేదు, ఫోను పిడుగుని పిలవదు అని అధికారి నవ్వాడు. అత్త తల ఊపింది. ఆ ఊపు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను ఒళ్లు తడుపుకోకుండా స్నానం చేసేశానని చెప్పినప్పుడు కూడా అలాగే ఊపేది.

నెల తిరక్కుండానే, శ్రావణంలో ఒక మధ్యాహ్నం మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే నా జేబులో ఫోను కూత పెట్టింది. పిల్లలు ఉలిక్కిపడ్డారు. మా మండలంలో పిడుగులు పడే ప్రమాదం ఉందనీ, ఎవరూ ఆరుబయట ఉండొద్దనీ కబురు. పొలంలో ఉన్న అత్తకి ఫోను చేశాను. స్విచాఫ్. గుంపులో మరో ఇద్దరికి చేశాను. స్విచాఫ్. కిటికీలోంచి చూస్తే ఆకాశం నల్లగా ఉంది. మబ్బు చూడగానే అత్త ఆజ్ఞ జారీ చేసి ఉంటుంది. ఫోన్లన్నీ నోళ్లు మూసుకుని టిఫిన్ల సంచిలో పడుకుని ఉంటాయి. ఆ నిబంధనలు రాసినవాళ్లు ముందు మా అత్తని ఒకమాట అడగాల్సింది.

పిల్లల్ని పక్క టీచరుకి అప్పగించి బండి తీశాను. దారంతా చినుకుల్లో తడిశాను. పొలం గట్టు మీద నిలబడి గొంతు చించుకుంటే అందరూ తీరిగ్గా తలలెత్తారు.

"బడొగ్గీసి వచ్చీసావేటిరా?" అంది అత్త. అందరూ పగలబడి నవ్వారు.

తిట్టి, బతిమాలి, వాళ్లని పక్కనే ఉన్న మోటారు గదిలోకి తోలాను. చివరి మనిషి లోపలికొచ్చిందో లేదో, అవతలి గట్టు మీది తాటిచెట్టు నెత్తిన పిడుగు పడింది.

ఆ మోత తగ్గింది. తర్వాత అత్త నా ఫోను వైపు చూసి, "అందులో ఏటున్నాదో సదువు," అంది. చదివాను.

"బయట తిరగొద్దని ఉన్నాదా?"

"ఉంది."

"మరి నువ్వేటి సేసావురా?"

అంటూనే అత్త చెంగుతో నా తల తుడవసాగింది.

వారం తర్వాత మళ్లీ మబ్బు పట్టింది. ఈసారి నా జేబులోని కూత కంటే ముందు అత్త ఫోనే వచ్చింది. పిడుగు భయం ఇంకా పోలేదు కాబోలు, ఫోను చెవికి బారెడు దూరంలో పట్టుకున్నట్టుంది, ఒకటే అరుపు.

"మేవందరం గదిలోకి వచ్చీసినాం. ఫోను కట్టనేదు. నువ్వు మాత్రం బడిలోంచి కదలకు నాయినా!"