తడి వేలు

మా బార్ అసోసియేషన్ లా లైబ్రరీలో ఒకప్పుడు లైబ్రేరియన్‌గా పనిచేసిన అమ్మగారు పోయారని మొన్న కోర్టు వరండాలో నోటీసు బోర్డు మీద చూశాను. గుణదల సమాధుల తోటకు వెళ్ళి గుప్పెడు మట్టి వేసి వచ్చాను. దుఃఖం రావాల్సిన చోట నాకు అసహ్యమే వస్తోంది. ఎందుకో చెబుతాను.

మా విజయవాడ ప్లీడర్లు పుస్తకం చదివే తీరు చూస్తే ఆమెకు సహించేది కాదు. వేలు నాలుక మీద తడుపుకుని పేజీ తిప్పుతాం. కిళ్లీ నములుతూ తీర్పులు వెతుకుతాం. "అది పుస్తకమండీ, విస్తరి కాదు" అనేవారు, ఎంత పెద్ద సీనియర్‌నైనా సరే. ప్రతి శనివారం, ఆ వారం పుస్తకాల్లో దొరికినవన్నీ గుమ్మం పక్కనున్న అద్దాల బీరువాలో పెట్టేవారు. వక్క పిప్పి, గోళ్ళ ముక్కలు, బజ్జీలు చుట్టిన కాగితం, ఒకసారి సగం కొరికిన గారె. ఏ పుస్తకంలో దొరికిందో పక్కనే చీటీ. ఎవరి పేరూ ఉండేది కాదు. అయినా మాలో కొందరు ఆ బీరువా దగ్గర తల వంచుకుని నడిచేవారు. కొత్త తీర్పులకన్నా ముందు అందరూ చూసే వార్తలు అవే.

ఎమర్జెన్సీకి ముందు సంవత్సరం నాకొక కేసు ఉండేది. మంగళగిరిలో మగ్గం నేసుకు బతికే ఒక వితంతువును ఇల్లు ఖాళీ చేయమని యజమాని దావా వేశాడు. ఆవిడ్ని కాపాడే తీర్పు ఒక్కటే ఉంది. అది అచ్చయిన పాత సంపుటం మా లైబ్రరీలో తప్ప ఊళ్ళో ఇంకెక్కడా లేదు. వాదనకు ముందురోజు సాయంత్రం తెరిచి చూస్తే ఆ పేజీ లేదు, బ్లేడుతో కోసిన అంచు ఉంది. యజమాని తరఫు సీనియర్‌గారు మధ్యాహ్నమంతా ఆ పుస్తకం ముందేసుకుని కూర్చోవడం అందరం చూశాం. ఆయన ఇంకా లైబ్రరీలోనే ఉన్నారు.

సంగతి చెప్పగానే అమ్మగారు కుర్చీ లాక్కెళ్ళి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు.

"పేజీ వచ్చేదాకా నేను లేవనండీ. మీరూ కదలరు."

సీనియర్‌గారు కేకలేశారు, ఉద్యోగం ఊడగొడతానన్నారు. ఆమె కుర్చీ దిగలేదు. అందరం ఉక్కపోతలో చెమటలు కారుస్తూ కూర్చున్నాం. చివరికి ఆయనే చెప్పుల కోసం వంగినట్టు వంగి, బల్ల కింద ఏదో కాగితం పడి ఉందన్నారు. మడతలు పడి, సున్నం మరకలతో, అదే పేజీ. ఆమె దాన్ని రెండు వేళ్ళతో అందుకుని, మైదా జిగురుతో అతికించి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కున్నారు. మర్నాడు ఆ మరకల పేజీయే జడ్జిగారి ముందు పెట్టాను. ఆ ఇల్లు నిలబడిందంటే నా వాదన వల్ల కాదు, అడ్డంగా వేసిన ఆ కుర్చీ వల్ల. ఆ రుణం నాకు తీరలేదు.

పెద్దలంటే మర్యాద లేదని లైబ్రరీ కమిటీ ఆమెను తీసేసింది. తర్వాత హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక బడిలో చేరి రోజూ బస్సులో వెళ్ళొచ్చేవారు. ఒకసారి బస్టాండులో కనబడితే నొచ్చుకున్నాను. "పిల్లలు నయమండీ, చేతులు కడుక్కోమంటే కడుక్కుంటారు" అన్నారు.

నిన్న సంతాప సభ. అధ్యక్షులు ఆ సీనియర్‌గారే. ఆమె పుస్తకాలను కన్నబిడ్డల్లా చూసుకున్నారని గొంతు వణికిస్తూ తీర్మానం చదివారు. అందరూ తలలూపారు. మొదటి కాగితం అయిపోగానే ఆయన వేలు నాలుక మీద అద్దుకుని రెండోది తిప్పారు.

సంతకాల కోసం ఆ కాగితం చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. మూల ఇంకా తడిగానే ఉంది.