అక్క మానేసిన జవాబు

మా బావ రామచంద్రానికి సుల్తానాబాద్‌లో విత్తనాల దుకాణం. మనిషి బంగారం. ఒక్కటే తిప్పలు. షట్టర్ దించి తాళం వేశాక, అది పడిందని ఆయనకు నమ్మకం కుదరదు. లాగి చూస్తాడు, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ లాగుతాడు. ఇంటికి చేరాక కూడా బండి తిప్పుకుని పోతాడు.

బజారు వాళ్లు దీన్ని రోగం అనుకోలేదు, జాగ్రత్త అనుకున్నారు. రామచంద్రమంత భద్రమైన మనిషి లేడని పేరొచ్చింది. ఇంకేం, ఊరికి పోయే ప్రతివాడూ తన తాళంచెవులు తెచ్చి ఆయన చేతిలో పెట్టడమే. పక్కనున్న చెప్పుల దుకాణం ముష్తాక్ అయితే ఒక్కపూట పెళ్లికి పోయినా ఇచ్చిపోయేవాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. తన తాళానికే చస్తున్నవాడు అందరి తాళాలూ లాగుతూ తిరిగేవాడు. కాదనడు, ఆ మంచిపేరు ఆయనకు ఇష్టం. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఇక మా అక్క వనజ. బావ "తాళం పడ్డదా?" అంటాడు. "పడ్డది, నేను సూసిన" అంటుంది. పోపు వేస్తూ చెబుతుంది, తల దువ్వుకుంటూ చెబుతుంది, ఫోన్లో ఫొటో తీసి చూపిస్తుంది. ఆయనకు కాసేపు శాంతి, తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ఇంత ఓపిక గల ఇల్లాలు ఎక్కడుందని మేమంతా మెచ్చుకునేవాళ్లం.

నిరుడు అక్క కూతురు రచనకు ఆదిలాబాద్‌లో కొడుకు పుట్టాడు. తొట్టెల రోజు అక్కా బావా వస్తున్న బస్సును నేను మా లక్సెట్టిపేటలో ఎక్కబోతే, బావ దిగుతూ ఎదురయ్యాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. తాళం చూసి ఇంకో బస్సుకు వస్తానన్నాడు. రాలేదు. తాత లేకుండానే మనుమణ్ని తొట్టెలలో వేశాం. అక్క నన్ను పక్కకు పిలిచింది.

"నాకు ఇగ శాతనైతలేదు తమ్మీ. గీ మనిషి ఏదన్న ఇలాజ్ జేసుకోకపోతే నేను ఈడ్నే బిడ్డ దగ్గర ఉండిపోత" అంది.

అక్క నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నిజంగా భయమేసింది.

ముందు కరీంనగర్‌లో మనసు డాక్టర్‌కు చూపించాం. గోలీలు రాశాడు. కొన్నాళ్లకు గుండెదడ తగ్గింది, నిద్ర పట్టింది, చెయ్యి మాత్రం తాళం మీదికి పోతూనే ఉంది. గోలీలు ఆపకుండా, వాటితోపాటు కౌన్సెలింగ్ కూడా చేయించుకోమన్నాడు. అంతే, చుట్టాలందరూ వైద్యులైపోయారు. ఒకరు ధ్యానమన్నారు, ఒకరు ఇలాంటి బాధ ఉన్నవాళ్లంతా కూర్చుని చెప్పుకునే గుంపులో చేరమన్నారు. నేనూ తక్కువ తినలేదు, ఊపిరి పీల్చి వదిలే వీడియోలు పంపాను. చివరికి ఒక పెద్దాయన కౌన్సెలర్ దొరికాడు. ఆయన ముందు బావ, చిన్నప్పుడే పోయిన తండ్రి, వాళ్ల బాపు గురించి చెప్పుకుని ఏడ్చాడు. మనసు తేలికైందన్నాడు. ఆ తేలికైన మనసుతోనే సాయంత్రం వెళ్లి తాళం లాగాడు.

పెద్దాయన నిజాయితీపరుడు. తనది దుఃఖం దించుకునే వైద్యమని, దాని మేలు దానిదేనని, ఈ లాగుడికి మాటలతో కాక చేతలతో చేయించే వైద్యం వేరే ఉందని చెప్పి, అది నేర్చుకున్న స్నిగ్ధ అనే అమ్మాయి దగ్గరికి పంపాడు. తనకు రానిది రాదని చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

దారిలో బావను కదిలించాను. పత్తి గింజలకొచ్చిన రైతును నీది నల్లభూమా, ఎర్రటి చల్క నేలా అని అడగకుండా ప్యాకెట్ ఇవ్వవు కదా, నీ విషయంలో మాత్రం ఎవరేది ఇస్తే అది చల్లుకుంటున్నావేం అన్నాను. నవ్వాడు. కానీ స్నిగ్ధ గదిలో కూర్చోకముందే అడిగాడు, ఇక్కడ ఏం చేయిస్తారు, తనలాంటి వాళ్లకు ఇంతకుముందు చేశారా, గుణం ఇస్తోందని ఎట్లా తెలుస్తుంది అని. ఆ అమ్మాయి విసుక్కోలేదు. తాళం ఒక్కసారి వేసి, లాగకుండా నిలబడాలంది. భయం జ్వరంలా ఎక్కుతుంది, ఎక్కనివ్వాలి, లాగకపోయినా అదే దిగుతుంది. అలా దిగడం మళ్లీ మళ్లీ చూస్తే దాని పట్టు సడలుతుంది. లాగుడు తగ్గకపోతే దారి మారుద్దామంది. ఊరివాళ్ల తాళంచెవులు ముందు తిరిగి ఇచ్చేయమంది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"అమ్మా, సార్ అడిగినప్పుడల్ల మీరు పడ్డదని చెప్తున్నరు. గట్ల చెప్పుడు బంద్ చెయ్యాలె. తెల్వది అనాలె. మీ జవాబుతోనే గీ భయం బలుస్తున్నది."

అక్క ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లు కాపాడుకొచ్చిందీ తనే, రోగం పెంచిందీ తనేనా అని బయటికొచ్చి నా మీద విరుచుకుపడింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు.

తాళంచెవులు తిరిగిస్తే ముష్తాక్ నారాజయ్యాడు, తన మీద కోపమా అన్నాడు. బావ మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ముష్తాక్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"గింత పరేషాన్ల ఉన్నవని తెల్వక నా తాళం గూడ నీ నెత్తిన పెడితి గదా భాయ్."

బావ తాళం వేసి ఎదురుగా చెమటలు కక్కుతూ నిలబడడంతో మొదలుపెట్టాడు. తర్వాత లాగకుండానే చాయ్ హోటల్ దాకా, ఆ తర్వాత కరీంనగర్ దాకా వెళ్లగలిగాడు. మధ్యలో పరుగెత్తుకొచ్చి లాగిన రోజులూ ఉన్నాయి. అక్క కష్టం అంతకన్నా తక్కువేం కాదు. నిజం నాలుక చివరన పెట్టుకుని తెలియదనడానికి ఆమె ప్రాణం విలవిల్లాడేది.

మొన్న మనుమడి మొదటి పుట్టినరోజుకు నా కార్లో ఆదిలాబాద్ బయల్దేరాం. జన్నారం దాటాక బావ అడగనే అడిగాడు. అక్క "తెల్వది" అంది. ఆయన సీటు అంచు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కారు ఆపమంటాడని నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. అనలేదు. ఉట్నూర్‌లో దిగేసరికి చెమట ఆరింది, మిర్చీబజ్జీలు తెప్పించమన్నాడు. ఆ రాత్రి రచన ఇంట్లోనే పడుకున్నాం.

పొద్దున కారు తుడుస్తుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"పెండ్లయిన కాన్నుంచి పొద్దుగాల్ల మొదటి మాట తాళమే తమ్మీ. గియ్యాల లేవంగనే, పిలగాడు లేచిండా అని అడిగిండు" అంది.

"నువ్వేమన్నవ్?" అన్నాను.

"లేచిండన్న" అని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.