తోమెగారి కలుపు కాగితం

ఎవరైనా తమ ఇంటిని పొగుడుకుంటారు. టోక్యోలో, అరకావా పేటలో, ‘వకబా’ అనే ఆరు అద్దె గదుల చెక్క మేడకు ఓనరమ్మ అయిన తోమెగారు మాత్రం తన ఇంటిని తానే తిట్టిపోసేవారు. అదీ ఎవరి ముందు? గది అద్దెకు అడగడానికి వచ్చినవాళ్ల ముందు!

కిసబురో ఆ మొదటి రోజు తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాడు. గదుల్లో పరిచే గడ్డిచాపలు కుట్టడం అతని పని. అప్పటికి ఏభై రెండేళ్లు, పెళ్లాం లేదు, పిల్లలు లేరు. “ఒంటరివాడివి. గదిలోనే గుటుక్కుమంటే మాకెందుకొచ్చిన గొడవ?” అని పదకొండు చోట్ల తలుపు వేసేశారు. పన్నెండోది వకబా.

“చలికాలంలో గోడల్లోంచి గాలి ఈల వేస్తుంది,” అన్నారు తోమెగారు తలుపు తీస్తూనే.

“పర్లేదండీ.”

“మెట్లెక్కితే పేటంతా నిద్రలేస్తుంది.”

“నెమ్మదిగా ఎక్కుతానండీ.”

“స్నానానికి వీధి చివర స్నానశాలకు పోవాలి. వానొస్తే ఆ మూల రెండు గిన్నెలు పెట్టాలి. మూడోది నీ ఇష్టం.”

“మూడూ పెడతానండీ!”

ఆవిడ అతని ముఖంలోకి కాసేపు చూశారు. “సరే, నీ ఖర్మ. నివాస పత్రమూ, నీ పేరు ముద్రా తెచ్చుకో.”

మర్నాడు అద్దె కాగితం మీద ముద్ర పడగానే రెండో కాగితం తోశారు. “ఇది కలుపు కాగితం. సందు పక్కన ముల్లంగి మడి ఉంది చూశావా? ఆదివారాలు అందులో కలుపు పీకాలి. కొట్టు ముద్ర.” కిసబురో కొట్టేశాడు. ఆ ఊళ్లో సంతకానికి బదులు పేరు ముద్రే; ఎక్కడ వెయ్యమంటే అక్కడ వెయ్యడమే గానీ, పైనున్నది చదివిన పాపాన ఎవరూ పోరు.

ఇక ఆదివారాలు చూడాలి! గట్టిగా ఒక చాప వెడల్పున్న మడి. అందులో ఆరు గదులవాళ్లు ఆరుగురూ ఒకళ్ల మోచేతులు ఒకళ్లకి తగులుతూ కూర్చునేవాళ్లు. తోమెగారు బోర్లించిన పెట్టె మీద కూర్చుని, “కిసబురో, నీ చేతులు పడిపోనూ, అది కలుపు కాదు, ముల్లంగి!” అని కేకలు.

కొత్తగా వచ్చిన పోస్టుమాన్, “వకబా మేడ ఇదేనాండీ?” అని అడిగితే, “మేడలా కనిపిస్తోందా నీకు? కూలడం మరిచిపోయిన కట్టెలమోపు బాబూ ఇది,” అన్నారు. ఏళ్లు గడిచినా అద్దె మాత్రం పెంచలేదు. ఎవరైనా మొహమాటపడి అడిగితే, “ఈ కొంపకి అద్దె పెంచితే నన్ను పోలీసులు పట్టుకుపోతారు,” అనేవారు.

ఆవిడకు ఎనభై రెండో ఏడు వచ్చాక మేనల్లుడు మసాహికో, ఇళ్లు కొని కట్టే కంపెనీ నుంచి నిషివాకి అనే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, చిక్కుడు మిఠాయిల పెట్టెతో దిగాడు. కిసబురో అప్పుడు తోమెగారి ముందు గదిలోనే మూల కూర్చుని పాత చాపకు అంచు కుడుతున్నాడు. పై గదిలో ఉండే ఒషిజు, ఆలుగడ్డ బోండాలు వేసి అమ్ముకునే ఆవిడ, కిటికీ బయట చెవి పెట్టి నిలబడింది.

“గోడలు ఎలా ఉన్నాయండీ?” అన్నాడు నిషివాకి.

“రంగు పట్టుకుని నిలబడ్డాయి నాయనా,” అన్నారు తోమెగారు మిఠాయి నములుతూ.

“పైకప్పు?”

“చుక్కలు చూడ్డానికి బాగుంటుంది.”

కుర్రాడు సంబరంగా రాసుకున్నాడు. “అయితే కూల్చెయ్యడమే మేలండీ! మూడంతస్తులు కొత్తగా లేపుదాం. అద్దె మూడింతలు వస్తుంది.”

సూది కిసబురో బొటనవేల్లో దిగింది. “చూశావా, ఈవిడ నోరే మనల్ని వీధిన పడేసింది!” అని గుసగుసలాడింది ఒషిజు. ఈ వయసులో మళ్లీ ఎన్ని తలుపులు కొట్టాలి? కిసబురోకు ఏడుపొచ్చినంత పనైంది.

“ఒక్కటేనండీ,” అన్నాడు నిషివాకి. “సందు మరీ సన్నం. దారి రెండు మీటర్లు లేకపోతే కొత్త ఇల్లు కట్టనివ్వరు. ఆ ముల్లంగి మడి కూడా కలిపేస్తే...”

“కలుపుకో. నాదేం పోయింది? ఆ మడి నాది కాదుగా.”

“మీది కాదా? మరెవరిది?”

“అదిగో, ఆ మూల వేలు చీకుతున్నాడే, వాడిది. కిటికీ బయట దాక్కున్న దానిది. ఇంకో నలుగురిది. కలుపు కాగితం అని నేను ముద్ర వేయించింది దానికే, ఆరుగురి పేర్లూ రిజిస్టర్ అయ్యాయి. ఆరుగురూ ముద్ర వేస్తే గానీ అమ్మడం కుదరదు. వకబాను కూల్చుకో నాయనా, సుఖంగా కూల్చుకో. మళ్లీ మాత్రం కట్టలేవు.”

మసాహికో నోట్లో మిఠాయి అలాగే ఉండిపోయింది. నిషివాకి కిసబురో వైపు తిరిగి చేతులు నలుపుకున్నాడు. “అయ్యగారూ, మీరొక్క ముద్ర...”

“ఆ మడా బాబూ?” అన్నాడు కిసబురో, ఎక్కడ లేని ధైర్యం తెచ్చుకుని. “కుక్కలు కాలెత్తే చోటు. ముల్లంగి కూడా చేదు. పెద్ద కంపెనీవాళ్లు, ఆ దరిద్రపు నేల మీకెందుకు?”

తోమెగారు టీ మీదకు వంగి ముఖం దాచుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆరుగురూ మడి దగ్గర చేరి చెప్పుకుంటే తెలిసింది. అందరూ ఎక్కడెక్కడో గది దొరక్క వచ్చినవాళ్లే. వేరే దారి ఉన్నవాళ్లు ఆవిడ తిట్లు వినగానే వెళ్లిపోయేవాళ్లు. ఎన్ని చెప్పినా ‘పర్లేదండీ’ అన్నవాళ్లే మిగిలేవాళ్లు, వాళ్లకే ఆవిడ కలుపు కాగితం తీసేవారు. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్లూ నోటిదురుసు ముసలమ్మ అనుకున్నందుకు కిసబురోకు సిగ్గేసింది. థాంక్స్ చెప్పబోతే, “ముందు ఆ కలుపు సరిగ్గా పీకి చావు,” అన్నారు.

తోమెగారు పోయి తొమ్మిదేళ్లయింది. మేడ మసాహికో చేతికి వచ్చింది గానీ, కూల్చనూ లేక అమ్మనూ లేక, చూసుకునే పని కిసబురోకే అప్పగించాడు. ఎవరైనా గది ఖాళీ చేస్తే, మడిలో వాళ్ల వాటా తరవాత వచ్చినవాళ్ల పేరుకు మారుతుంది. అద్దె అలాగే ఉంది. ఈల కూడా అలాగే ఉంది.

మొన్న మధ్యాహ్నం, ఖాళీ అయిన గది కోసం జుట్టు నెరిసిన ఒకావిడ మూట పట్టుకుని, ఎక్కడెక్కడో తిరిగిన కాళ్లతో వచ్చి గుమ్మంలో నిలబడింది. కిసబురో తలుపు తీస్తూనే అందుకున్నాడు.

“చలికాలంలో గోడల్లోంచి గాలి ఈల వేస్తుందమ్మా. మెట్లెక్కితే పేటంతా నిద్రలేస్తుంది. వానొస్తే ఆ మూల...”

“పర్లేదండీ,” అంది ఆవిడ.

కిసబురో ఆవిడ ముఖంలోకి కాసేపు చూశాడు.

“సరే, నీ ఖర్మ. ముద్ర తెచ్చుకున్నావా? ఆదివారాలు కాస్త కలుపు పీకాలి.”