అమీర్‌పేట పొలంలో అరువు కోడి

ఒక కోడిపుంజు నా వ్యాపారాన్ని మింగేయబోయిన కథ ఇది. నా తెలివితేటల మీద మీకేమైనా గౌరవం ఉంటే దాన్ని ఇక్కడే భద్రంగా దాచుకుని ముందుకు రండి, చివరికొచ్చేసరికి మిగలదు.

అమీర్‌పేటలో మా ఇంటి పై అంతస్తుని అతిథి గృహం చేస్తానని నేను ప్రకటించినప్పుడు, మా మామగారు పేపరు కూడా దించలేదు.

"హాస్టల్ వాళ్ళు రెడీగా ఉన్నారమ్మా. గదినిండా మంచాలు వేసుకుంటారట. నువ్వు ముచ్చట పడుతున్నావు కాబట్టి మొదటి అతిథులు వచ్చి వెళ్ళేదాకా చూస్తాను. వాళ్ళు గనక పెదవి విరిచారో, తాళాలు హాస్టల్ వాళ్ళకే."

"మీరే చూస్తారుగా మామయ్యగారూ!" అన్నాను. నాకు ధైర్యం పుట్టుకతోనే వచ్చింది. ఆలోచనే కాస్త ఆలస్యంగా వస్తుంది.

మామగారు రిటైరయ్యాక డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో వంగ, బెండ, కాకర పెంచుతున్నారు. రోజూ పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, "పొలానికెళ్ళొస్తా" అని మెట్లెక్కుతారు. ఇంట్లో అందరం దాన్ని పొలమనే అంటాం. ఆ అలవాటుకొద్దీ ఇంటర్నెట్‌లో ప్రకటన కూడా అలాగే పెట్టాను: 'నగరం నడిబొడ్డున, పొలం మధ్యలో, కుటుంబ ఆతిథ్యం.' ఫొటోలో మెట్రో పట్టాలూ పక్కింటి నీళ్ళ ట్యాంకూ పడకూడదు కదా, అందుకని డాబా మీద బోర్లా పడుకుని తీశాను.

ఆ ఫొటో చూసి స్పెయిన్ నుంచి లూసియా, ఆవిడ భర్త మాతేయో దిగారు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళకు నిజమైన పొలముంది, అందులో నిజమైన అతిథి గృహముంది. ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళకల్లా వండి వార్చి, ఒక్కసారైనా ఇంకొకరి పొలంలో అతిథులుగా ఉందామని బయల్దేరారట. ప్రపంచంలో ఇన్ని పొలాలుండగా వాళ్ళకి మా పెయింటు డబ్బాలే దొరకాలా!

గుమ్మంలో చేతులు జోడించి, "మీ ఇల్లే అనుకోండి. ఏం కావాలన్నా అడక్కుండా తీసుకోండి" అన్నాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. మనందరం అనేదే. మనం అంటాం, వాళ్ళు తీసుకోరు, అందుకే ఇన్నాళ్ళూ హాయిగా నడిచిపోతోంది.

లూసియా డాబా ఎక్కి చుట్టూ చూసింది. "పొలం ఎక్కడ?"

"ఇదేనండీ."

"మరి జంతువులు?"

మామగారు వెనకాల నిలబడి మీసాల్లో నవ్వుకుంటున్నారు. నాకు హాస్టల్ మంచాలు కళ్ళ ముందు మెదిలాయి.

"సాయంత్రానికి వచ్చేస్తాయండీ" అన్నాను, అవేవో పంజగుట్ట వైపు మేతకెళ్ళినట్టు.

అటునుంచటే బల్కంపేట పరుగెత్తాను. మాకు పాల ప్యాకెట్లు వేసే యాదగిరన్న ఇల్లు అక్కడే. వాకిట్లో పుంజు ఠీవిగా తిరుగుతోంది.

"అన్నా, దీన్ని శనివారం దాకా నాకివ్వవా?"

"ఏంది చెల్లె, కోడిని కిరాయికి అడుగుతున్నవా?"

"మా అతిథులు చూడ్డానికే అన్నా!"

"జర పైలం మల్ల. గిది ఎల్లమ్మ తల్లికి మొక్కిన కోడి. ఆదివారం బోనం ఉన్నది. దీనికేమన్న అయితే మా ఇంటామె నన్ను ఇంట్లకు రానియ్యది."

"ఫికర్ చెయ్యకన్నా!"

పుంజు మా ఇంటికొచ్చి పొలం పరువు నిలబెట్టింది. తెల్లారకముందే కూసింది. ఎదురు హాస్టల్ కుర్రాళ్ళు కిటికీలోంచి తిట్టారు. లూసియా మాత్రం "మా ఊళ్ళో ఉన్నట్టే ఉంది" అని మురిసిపోయింది.

"నీ జంతువు నా బెండ మొలకలన్నీ మేసేసింది" అన్నారు మామగారు.

"పొలమన్నాక తప్పదు మామయ్యగారూ."

శనివారం పొద్దున, గెలిచేశాననుకుని కొత్త దుప్పట్లు కొనడానికి పంజగుట్ట బయల్దేరాను. మెట్ల దగ్గర లూసియా ఆపింది. "ఇవాళ మేమే మీకు వండిపెడతాం. మీ పొలంలో ఉన్నవాటితోనే. తీసుకోవచ్చా?"

"అడగాలా? మీ ఇల్లే అనుకోమన్నానుగా!" నా మనసులో ఉన్నది వంకాయలు.

తిరిగొచ్చేసరికి సందు మొదట్లోకే వెల్లుల్లి ఘుమఘుమ. మా గేటు దగ్గర, పుంజుని తీసుకెళ్ళడానికొచ్చిన యాదగిరన్న.

"ఏం వండుతున్నరు చెల్లె? వాసన మస్తుగొస్తుంది."

"వంకాయ కూర అన్నా."

"వంకాయ గిట్ల వాసనొస్తదా?"

ఇద్దరం డాబా ఎక్కాం. పుంజుని కట్టేసిన తాడుంది, పుంజు లేదు. వెనకాలే లూసియా గిన్నె పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "మీ పుంజు కాస్త ముదురు. అందుకే ఎక్కువసేపు ఉడికించాను."

యాదగిరన్న పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు. "తల్లికి మొక్కిన కోడి... కూరొండిండ్రు. మా ఇంటామెకు ఏం జెప్పాలె చెల్లె?"

ఆయన కళ్ళలో నీళ్ళు చూసేసరికి నా ధైర్యమంతా జారిపోయింది. నిజంగా సిగ్గేసింది. హాస్టలూ వద్దు, వ్యాపారమూ వద్దనుకుని లూసియాకి మొత్తం చెప్పేశాను: పొలం లేదు, జంతువుల్లేవు, ఆ పుంజు అరువుది, పైగా అమ్మవారిది.

ఆవిడ మొహం పాలిపోయింది. గిన్నె కింద పెట్టి, నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పేసి ఒక్కటే అడిగింది. "ఇక్కడ కోళ్ళెక్కడ అమ్ముతారు?"

బల్కంపేట కోళ్ళ దుకాణంలో లూసియా ఒక్కో పుంజునీ ఎత్తి, రెక్క తెరిచి, రొమ్ము తడిమి, కాళ్ళు పరీక్షించి పక్కన పెట్టేస్తోంది.

"గీమె డాక్టరమ్మా, అన్నా?" అన్నాడు దుకాణం ఆయన.

"కాదు భాయ్, రైతు. అసలైన రైతు" అన్నాడు యాదగిరన్న, నా వైపు చూస్తూ.

చివరికి ఎర్రటి జుట్టున్న పుంజు నెగ్గింది. యాదగిరన్న భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదే మంచిగున్నది. గా ముసలిదాన్ని తల్లికెట్ల ఇయ్యాలె అని నాకు మనసుల ఉండె" అంది. మర్నాడు బోనానికి లూసియా దంపతుల్ని కూడా వెంటబెట్టుకెళ్ళింది.

ఆ కూరేమైందని అడక్కండి. మేం తిరిగొచ్చేసరికి మామగారు గిన్నె కూడా కడిగి బోర్లించారు.

వెళ్ళాక లూసియా మా ప్రకటన కింద అభిప్రాయం రాసింది: 'పొలం లేదు. జంతువులు అరువువి. యజమానురాలు అబద్ధాలాడుతుంది. మళ్ళీ తప్పకుండా వస్తాం.' మామగారు దాన్ని పైకి చదివి, మళ్ళీ చదివి, తాళాలు నా చేతిలో పెట్టారు. "హాస్టల్ వాళ్ళకి ఖాళీ లేదని చెప్పేశానమ్మా."

అందుచేత ఎల్లమ్మ తల్లి సాక్షిగా, మామగారి బెండ మొలకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ అతిథితోనూ ఆ మాట అనను. ఇప్పుడు గుమ్మంలో చేతులు జోడించి స్పష్టంగా చెబుతున్నాను: "రండి, కూర్చోండి. దయచేసి ఇది మా ఇల్లే అనుకోండి."