నేను డాక్టరును కాదు

పంతొమ్మిదివందల అరవైల్లో ఓ మధ్యాహ్నం, జహీరాబాద్ బస్టాండు. నా పక్కన దవాఖాన నర్సు, బీపీ చూసే పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఝరాసంగం బస్సు కోసం వచ్చి, తల తిరుగుతోందన్న ముసలాయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. పాదరసం ఎక్కిన ఎత్తు చూసి ఆమె ముఖం మారిపోయింది. మాత్రలిస్తే ఆయన నోట్లో వేసుకోలేదు.

"డాక్టర్ చెప్తె తింట. ఆడామె చెప్తె తినాల్నా?"

ఆమె నా ప్యాంటూ కళ్లద్దాలూ చూసింది. "గీ సారే పెద్ద డాక్టర్. అడుగున్రి," అంటూ కళ్లతోనే నన్ను బతిమాలింది.

"నేను డాక్టరును కాదు, బడిపంతులును," అన్నాను నవ్వుతూ.

ముసలాయనా నవ్వాడు. మాత్రల పొట్లం అప్పుడే వచ్చి ఆగిన బస్సు చక్రం కిందికి విసిరి, ఎక్కి వెళ్లిపోయాడు.

నర్సు మెల్లగా పెట్టె మూసింది.

"మంచిగ నిజం చెప్పిన్రు సార్. ఆయన సచ్చినంక పెండ్లానికి గూడ గిట్లనే నవ్వుకుంట చెప్పున్రి."